చీకటికి కన్ను అలవాటు పడేదాకా

కరెంటు పోతే ఆ మ్యూజియంలో చూడటానికి ఏమీ మిగలదు. పటాలు లేవు, శిల్పాలు లేవు, అద్దాల బీరువాలు లేవు. ఉన్నవల్లా పదివేల చదరపు మీటర్ల చీకటి, 470 ప్రొజెక్టర్లు, వాటిని నడిపే 520 కంప్యూటర్లు. టోక్యోలో ఒడైబా అనే చోట 2018 జూన్‌లో తెరిచిన ‘టీమ్‌ల్యాబ్ బోర్డర్‌లెస్’ సంగతి ఇది. తొషియుకి ఇనోకో అనే ఆయన కొందరు మిత్రులతో కలిసి 2001లో మొదలుపెట్టిన బృందం టీమ్‌ల్యాబ్. బొమ్మలు గీసేవాళ్లు, ప్రోగ్రామర్లు, ఇంజనీర్లు, గణితం తెలిసినవాళ్లు, భవనాలకు ప్లాన్లు గీసేవాళ్లు అందులో కలిసి పనిచేస్తారు. వాళ్లకు రంగూ కుంచే రెండూ వెలుతురే. తెరిచిన మొదటి ఏడాదిలోనే సుమారు 23 లక్షల మంది వచ్చి చూశారు.

మా అమ్మాయి కాపురం టోక్యోలోనే. నిషి కసాయ్ చుట్టుపక్కల కంప్యూటర్ ఉద్యోగాల మీద వెళ్లిన మనవాళ్లు చాలామంది ఉంటారు. 2019లో నేను వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు మనవరాలు పట్టుబట్టి నన్ను అక్కడికి తీసుకుపోయింది. గద్వాల, వనపర్తి బడుల్లో తెలుగు చెప్పి రిటైరైన దానిని. మ్యూజియం అంటే నా లెక్కలో సాలార్‌జంగ్ మ్యూజియం. ఒకదాని తర్వాత ఒకటి వస్తువులు చూసుకుంటూ పోవడం, కింద రాసింది చదువుకోవడం. ఇక్కడ రాతలు లేవు, దారి చెప్పే పటం కూడా ఇవ్వలేదు. ‘ఎటు పోవాలమ్మా?’ అంటే ‘నీ ఇష్టం అమ్మమ్మా, ఎటు పోయినా ఏదో ఒకటి ఉంటది’ అన్నది ఆ పిల్ల.

ఒక పెద్ద గదిలో బండరాయి ఆకారం మీదుగా వెలుగు జలపాతం దూకుతోంది. నేను వెళ్లి కింద నిలబడితే ఆ ధార నా పాదాల దగ్గర రెండుగా చీలి అటూ ఇటూ పారింది. గోడ పక్కన కదలకుండా ఉంటే చుట్టూ పూలు విచ్చుకున్నాయి. చెయ్యి పెడితే రాలిపోయాయి. సీతాకోకచిలుకలు ఎగురుతూ వచ్చాయి. ‘ముట్టుకోకు అమ్మమ్మా, ముట్టుకుంటే చచ్చిపోతయ్’ అని మనవరాలు నా చెయ్యి వెనక్కి లాగింది. ముందే తీసిన సినిమాను మళ్లీ మళ్లీ వేయడం లాంటిది కాదట ఇది. చూడటానికి వచ్చినవాళ్ల కదలికలను బట్టి కంప్యూటర్ అప్పటికప్పుడు బొమ్మ గీస్తుంది. ఒకసారి కనిపించిన దృశ్యం అచ్చంగా అట్లాగే మళ్లీ రాదు.

నన్ను కట్టిపడేసింది మాత్రం దీపాల గది. అద్దాల మధ్య వందల గాజు దీపాలు వేలాడుతుంటాయి. ఒక దీపం దగ్గర కాసేపు నిశ్చలంగా నిలబడితే అది ప్రకాశిస్తుంది. ఆ వెలుగు దానికి అతి దగ్గరలో ఉన్న దీపానికి అందుతుంది, అది పక్కదానికి అందిస్తుంది, అట్లా గదంతా పాకుతుంది. నా దీపం వెలుగు అటు పోతుంటే ఎదురుగా మరో రంగు వెలుగు వచ్చి దాన్ని కలుసుకుంది. అంటే గది అవతలి మూల ఇంకెవరో ఒక దీపం పక్కన ఆగి ఉన్నారు. వాళ్ల ముఖం నాకు కనబడలేదు. వాళ్లు ఆగారన్న సంగతి మాత్రం దీపం వచ్చి చెప్పింది.

అప్పుడే నాకు మా వైపు అలంపూర్ గుళ్లు గుర్తొచ్చాయి. ఒడైబా గదుల్లో నాకు బాగా పరిచయమైనది వెలుగు కాదు, ఆ వెలుగు చుట్టూ వాళ్లు జాగ్రత్తగా అమర్చుకున్న చీకటి. తలుపుకూ తలుపుకూ మధ్య నల్లటి తెరలు, మలుపులు తిరిగే సన్నటి నడవలు. బయటి వెలుతురు ఒక్క చుక్క లోపలికి రాకూడదని ఎంత కష్టపడ్డారో! ఇంత ఖర్చూ ఇంత సాంకేతికతా ఉన్నవాళ్లు అన్నిటికంటే ముందు సంపాదించుకున్న సరుకు చీకటే.

జపాన్‌లోనే నవోషిమా అని ఒక చిన్న ద్వీపం ఉంది. అక్కడ ‘మినామిదెరా’ అనే చెక్క కట్టడాన్ని ప్రసిద్ధ వాస్తుశిల్పి తాదావో ఆందో కట్టాడు. లోపల ఉన్నది జేమ్స్ టరెల్ అనే అమెరికా కళాకారుడు 1999లో చేసిన పని. మా అమ్మాయి చూసొచ్చి చెప్పింది. ‘గోడ పట్టుకొని లోపలికి పోవాలమ్మా. బెంచీ ఉంటది, దాని మీద కూర్చోబెడ్తరు. ఏం కనబడదు, మన చెయ్యి మనకే కనబడదు. నాకైతే భయమేసింది. కొంచెంసేపు అయినంక ఎదురుంగ సన్నగ ఒక వెలుగు తేలింది. ఎవరో లైటు వేసిండ్రనుకున్న. కాదంట, అది మేం లోపలికి వచ్చినప్పటి నుంచి అక్కడనే ఉన్నదంట.’

దీపం పెరగలేదు, తగ్గలేదు. మారింది వాళ్ల కన్ను. దీని వెనుక సంగతి తెలుసుకుంటే ఆశ్చర్యం ఇంకా ఎక్కువవుతుంది. ఎండలోంచి చీకట్లోకి వస్తే కనుపాప కొన్ని క్షణాల్లోనే విప్పారుతుంది. అది మొదటి మెట్టు మాత్రమే. అసలు పని కంటి వెనుక రెటీనాలో జరుగుతుంది. రంగులు చూసే కణాలు సుమారు పది నిమిషాల్లో తమకు చేతనైనంత సర్దుకుంటాయి. మసక వెలుతురులో చూసే కణాలు వేరు. వాటిలో ఉండే రోడాప్సిన్ అనే పదార్థం ఎండకు విరిగిపోయి ఉంటుంది, అది మళ్లీ తయారవడానికి అరగంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. దానికి విటమిన్ ఏ కావాలి. అది చాలకపోతే వచ్చేదే రేచీకటి. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటుంది. ఒక కొవ్వొత్తి మీటరు దూరంలో ఇచ్చే వెలుగు దాదాపు ఒక లక్స్. లక్షలోనూ చూడగలిగి, ఒకటిలోనూ చూడగలిగే కన్ను మనకు పుట్టుకతో వచ్చింది. ఒకదాని నుంచి ఇంకోదానికి మారడానికి అది అడిగేది కాస్త వ్యవధి.

ఆ వ్యవధిని లెక్కలోకి తీసుకొని కట్టిన కట్టడం మా ఉమ్మడి పాలమూరు జిల్లాలోనే ఉంది. తుంగభద్ర ఒడ్డున, కృష్ణలో కలవడానికి కొంచెం ముందు, అలంపూర్‌లోని నవబ్రహ్మ ఆలయాలు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మ అని తొమ్మిది. బ్రహ్మ పేరు పెట్టుకున్నా అన్నీ శివాలయాలే. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించారు. స్వర్గబ్రహ్మ ఆలయం మీది శాసనం దాన్ని వినయాదిత్యుడి కాలంలో లోకాదిత్య ఎల అరస, రాణి పేరిట కట్టించాడని చెబుతుంది. వినయాదిత్యుడు ఏలింది 681 నుంచి 696 వరకు. పదమూడు వందల ఏండ్లు దాటిన గుడి అన్నమాట.

వీటిలో చాలా గుళ్ల కట్టుబడి ఒకటే తీరు. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ దారి, ఆ దారిని కూడా లోపలే ఉంచుకుంటూ చుట్టూ ఇంకో గోడ, దాని మీద కప్పు. బయట ఎండలో, ఆకాశం కింద తిరిగే ప్రదక్షిణ కాదు ఇది. రెండు రాతి గోడల నడుమ మసకలో తిరిగేది. ఆ బయటి గోడకు అక్కడక్కడ రాతి జాలీ కిటికీలు పెట్టారు. ఒకే రాతి పలకను తొలిచి, తీగలూ గళ్లూ చెక్కి, మధ్యలో వెలుగు దూరేంత సందులు వదిలిన కిటికీలు. చాలామంది బయట నిలబడి వాటి పనితనం చూసి ఫోటో తీసుకొని వెళ్లిపోతారు. అవి బయటివాళ్ల కోసం చెక్కినవి కావని నా నమ్మకం. లోపల తిరిగేవాడి కోసం చెక్కినవి.

పాలమూరు ఎండలో కాళ్లు కాలుతూ పరుగున లోపలికి వస్తారు. మొదట ఏమీ కనబడదు. చెయ్యి చాచితే చల్లటి స్తంభం తగులుతుంది. అడుగు నిదానమవుతుంది, మాట కూడా తగ్గుతుంది. మంటపంలో కాసేపు కూర్చుంటే స్తంభం మీది పూలకుండ బయటపడుతుంది, తర్వాత దాని అంచున వేలాడే ఆకు, తర్వాత పైన ఎగురుతున్నట్టున్న ఎవరో మనిషి కాలు. అప్పుడు లేచి ప్రదక్షిణ దారిలోకి తిరిగితే నేల మీద జాలీ పడి ఉంటుంది. రాతి జాలీ గోడకే ఉంది, నేల మీద ఉన్నది దాని వెలుగు రూపం. కిటికీలో ఉన్న గళ్లు కాస్త సాగి, ఒక పక్కకు ఒరిగి, అంచులు మెత్తబడి ఉంటాయి. అందులో అడుగు పెడితే గళ్లు నా పాదం మీదికి ఎక్కాయి, చీర కుచ్చిళ్ల మీద విరిగి నిలబడ్డాయి. నేను కదిలితే నా ఒంటి మీద అవీ కదిలాయి. ఒడైబాలో జలపాతం చీలి పారినప్పుడు నాకు కలిగిన సంతోషం కొత్తదేమీ కాదని అర్థమైంది.

ఆ గళ్లు ఒక చోట ఉండవు. పొద్దు గంటకు పదిహేను డిగ్రీలు నడుస్తుంది కాబట్టి అరగంట కూర్చుంటే అవి పక్క బండ మీదికి జరగడం కళ్లారా చూడొచ్చు. ఏడాది పొడవునా వాటి నడకా మారుతుంది. చలికాలంలో పొద్దు దక్షిణానికి వాలి తిరుగుతుంది. అప్పుడు దక్షిణపు గోడ కిటికీల్లోంచి ఎండ లోపలికి బాగా చొచ్చుకొస్తుంది. జూన్‌లో మా అక్షాంశానికి పొద్దు నడినెత్తిని దాటి ఉత్తరానికి జరుగుతుంది. అప్పుడు ఉత్తరపు కిటికీల వంతు. గుడి ముఖం తూర్పుకు కాబట్టి ఉదయపు వెలుగు వాకిట్లోంచి నేరుగా వస్తుంది. దీన్నంతా నడిపే యంత్రం ఒక్కటే, అది ఆకాశంలో ఉంది. కాకుంటే ఏ సందు ఎంత వెడల్పు ఉండాలో, గోడ ఎంత మందం ఉండాలో నిర్ణయించిన స్థపతి ఒకడున్నాడు. అతని పేరు మనకు దక్కలేదు. ప్రొజెక్టర్ల మ్యూజియం కట్టినవాళ్ల పేర్ల పక్కన అతన్ని కూర్చోబెట్టడానికి నేనేమీ వెనుకాడను.

నవోషిమాలోనే చీచూ మ్యూజియం అని 2004లో తెరిచింది ఉంది, అదీ ఆందో కట్టిందే. అందులో క్లాద్ మోనె వేసిన కలువపూల చిత్రాలను ఆకాశపు వెలుతురులోనే చూపిస్తారు, బల్బు వెయ్యరు. మబ్బు పడితే చిత్రం మసకబారుతుంది, మబ్బు తొలగితే తేరుకుంటుంది. దాన్ని ప్రపంచమంతా గొప్ప ప్రయోగమని మెచ్చుకుంటోంది. మెచ్చుకోవలసిందే. అలంపూర్‌లో అదే పని రోజూ జరుగుతున్నా దాన్ని ఆ కంటితో చూసేవాళ్లు తక్కువ.

వెలుతురు తగ్గితేనే కనిపించేవి ఇంకా ఉన్నాయి. జపాన్ రచయిత జునిచిరో తనిజాకి 1933లో నీడల అందం గురించి ఒక వ్యాసం రాశాడు. లక్కపాత్రల మీద బంగారు పని ధగధగలాడే దీపాల కింద చూడటానికి చేసింది కాదని, మసక గదిలో కొవ్వొత్తి వెలుగుకు అక్కడో మెరుపు ఇక్కడో మెరుపుగా కనబడటానికి చేసిందని అతని వాదన. అది చదివినప్పుడు నాకు గద్వాల మగ్గం దగ్గర విన్న మాట గుర్తొచ్చింది. మా అమ్మాయి పెళ్లి చీర కోసం వెళ్తే నేత పని చేసే ఒక పెద్దాయన అన్నాడు. ‘జరీని ట్యూబులైటు కింద చూడకమ్మా, అంతా ఒక్క తీరుగనే కనబడ్తది. పొద్దుగూకినంక దీపం ముంగట పట్టి చూడు.’ ఆయన చెప్పినట్టే చూశాను. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు, జరీ. తెల్లటి లైటు కింద కొంగు పసుపు రేకులా చదునుగా ఉంది. దీపం ముందు పట్టి కొంచెం కదిలిస్తే జరీ అంతా ఒక్కసారి వెలగలేదు. ఒక బుటా వెలిగి ఆరింది, దాని కింద ఇంకొకటి అందుకుంది. నడిచే మనిషి ఒంటి మీద అది ఎట్లా ఉంటుందో అప్పుడు ఊహకు అందింది. గద్వాల సంస్థానం కాలం నుంచి తిరుమల బ్రహ్మోత్సవాలకు ఇక్కడి నుంచి ఏరువాడ జోడు పంచెలు పోవడం ఆనవాయితీ. అక్కడ మూలమూర్తి దర్శనం ఇప్పటికీ దీపాల వెలుగులోనే. గద్వాల జరీకి తగిన వెలుగు ఏదో ఆ నేతగాళ్లకు తెలియకుండా ఎట్లా ఉంటుంది?

ఇక తోలుబొమ్మలాట. నిలువెత్తు తెర వెనుక దీపం పెట్టి, తెర ముందు ఊరంతటినీ చీకట్లో కూర్చోబెట్టి, తెల్లవారేదాకా కథలో ముంచి ఉంచిన కళ మనది. మా అమ్మమ్మగారి ఊరు పెబ్బేరు పక్కన. నా చిన్నతనంలో తుంగభద్ర అవతలి నుంచి ఆటవాళ్లు వచ్చేవారు. పిల్లలం కదా, ముందు కూర్చున్నంతసేపు కూర్చొని, ఆగలేక తెర వెనక్కి పోయేవాళ్లం. ఆ వెనుక చూసింది నాకు ఇంకా కండ్ల ముందు ఉంది. మేక తోలును గీకి గీకి కాగితంలా పలుచన చేస్తారు, వెలుగు దాని గుండా రావాలి కదా. రెండు పక్కలా రంగు వేస్తారు. కిరీటంలో, హారంలో, చీర అంచులో ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. పగలు చేత్తో పట్టుకుంటే అవి ఉత్త చిల్లులే. రాత్రి దీపం ముందుకు వస్తే ఒక్కో చిల్లూ ఒక్కో రవ్వ. రావణుడి నగలన్నీ తోలు తీసేసిన చోట పుట్టినవే.

ఆట నడిపేవాడు బొమ్మను తెరకు దూరంగా, దీపానికి దగ్గరగా పట్టుకుంటే అది పెద్దదై, అంచులు చెదిరి, రూపం తెలియకుండా ఉంటుంది. తెరకు అదిమితే ఒక్కసారి గీసినట్టు తేరుకుంటుంది. రాక్షసుడు వచ్చేటప్పుడు ముందు ఒక మబ్బు, తర్వాత ఒక ఆకారం, తర్వాత కోరలతో సహా అతను. మేము కెవ్వుమని అరిచేవాళ్లం. ఆముదపు దీపాల మంట గాలికి ఊగితే తెర మీద ఆగి ఉన్న సీతమ్మ కూడా ఊపిరి తీసుకుంటున్నట్టు ఉండేది. తర్వాతి రోజుల్లో బల్బు పెట్టి ఆడిన ఆట కూడా చూశాను. రంగులు బాగా కనబడ్డాయి, ఊపిరి మాత్రం కనబడలేదు. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి వచ్చి నవ్వించకపోతే పిల్లలకు నిద్ర ఆగేది కాదు. ఆ గాథంతా పాడుతున్నవాళ్ల కాళ్ల కింద చెక్కపలక టకటకమని మోగుతుండేది.

ఈ ఆట మా నేలకు చుట్టపుచూపుగా వచ్చింది కాదు. పదమూడో శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి వేడుకలను వర్ణిస్తూ తోలుబొమ్మలను ప్రస్తావించాడు. శ్రీశైలానికి పడమటి వాకిలి మా అలంపూర్, ఉత్తరపు వాకిలి నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఉమామహేశ్వరం. ఆ జాతరకు పోయే యాత్రికులు మా దారుల్లోనే నడిచారు. ఆటగాళ్లు రామాయణం పాడేది రంగనాథ రామాయణం ద్విపదల ఆధారంగా. దాన్ని రాసినవాడిగా ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డిది వర్ధమానపురం ఏలిన వంశం. ఆ వర్ధమానపురమే ఇప్పటి బిజినేపల్లి మండలంలోని నంది వడ్డెమాన్. తెలుగు నేల మీద ఎక్కడో ఒక ఊళ్లో దీపం ముందు రాముడి బొమ్మ నిలబడినప్పుడల్లా ఆ నోట పలికిన మాటకు మూలం ఈ కరువు జిల్లా. మన పూర్వుల ఆటపాటలను కూడా చరిత్రగా లెక్కగట్టిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన సురవరం ప్రతాపరెడ్డి గారి సొంతూరు ఇటిక్యాలపాడు అలంపూర్‌కు దగ్గరే. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి అవార్డు ఆ పుస్తకానికే.

ఇంత సంపద ఉన్నచోట ఇప్పుడు కొరవడుతున్నది చీకటి. మా వైపు ఒక పాత గుడిలో మంటపం నాలుగు మూలలా తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు బిగించారు. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటాయి. భక్తులకు ఇబ్బంది ఉండొద్దన్న మంచి ఉద్దేశమే, అందులో సందేహం లేదు. కానీ ఆ వెలుతురు నాలుగు దిక్కుల నుంచీ సమానంగా పడేసరికి శిల్పాలకు నీడ లేకుండా పోయింది. నీడ పోతే ముక్కు చదునైపోయింది, పెదవి మీది నవ్వు పోయింది. శాసనాలు చదివేవాళ్లను అడగండి. అరిగిన అక్షరం మీద ఎదురుగా ఎంత పెద్ద లైటు వేసినా ఏమీ కనబడదు. దీపాన్ని పక్కకు తెచ్చి ఏటవాలుగా పట్టుకుంటే అక్షరం పక్కన నీడ పడి, లేని గీత లేచి వస్తుంది. అలంపూర్ శాసనాల కోసం, ఆలయాల కోసం జీవితమంతా వెచ్చించిన గడియారం రామకృష్ణ శర్మ గారు ఆ ఊరివారే. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రాతి మీద గీతను చూడటానికి ఎంత ఓర్పు కావాలో అటువంటివాళ్ల బతుకు చూస్తే తెలుస్తుంది.

కోటల మీద, పాత గోడల మీద రంగురంగుల బొమ్మలు వేసి చూపించే ప్రదర్శనలు ఇప్పుడు ప్రతి రాష్ట్రంలోనూ వస్తున్నాయి. గోల్కొండలో సౌండ్ అండ్ లైట్ షో చూసి నేనూ ఆనందించాను. చరిత్రను కథగా చెప్పడానికి అది మంచి సాధనం. రేపు గద్వాల కోట గోడల మీద ఎవరైనా అటువంటిది పెడితే వెళ్లి చూస్తాను. అయితే జాలీ కిటికీల గుడి వేరు. దానికి దాని సొంత ప్రదర్శన ఉంది, పైన ఇంకోటి వేస్తే అది చెరిగిపోతుంది. నిమిషానికో రంగు మారే లైట్లు ఆ ఎర్రటి రాతి మీద పడితే రాయి తన రంగు మరిచిపోతుంది.

శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. ఊరికి నీళ్లు రాకుండా చుట్టూ గోడ కట్టారు. 2009 అక్టోబరు వరదల్లో ఆ ఊరు పడ్డ బాధ మాకు ఇంకా గుర్తే. రాయి కోసం ఇంత చేసినవాళ్లం. ఆ రాళ్ల నడుమ ఉన్న మసకను కాపాడటానికి ఖర్చేమీ అక్కరలేదు, కొన్ని స్విచ్చులు వెయ్యకుండా ఉంటే చాలు. చీకటిని కాపాడటం మనకు తెలియని పని కూడా కాదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా శ్రీశైలం పోయే దారిని రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. జంతువులకు వాటి రాత్రి వాటికి దక్కాలని పెట్టిన నియమం అది. మన్ననూరు గేటు దగ్గర బండ్లు వరుసగా ఆగుతాయి, జనం తెల్లవారేదాకా కాచుకుంటారు. పులి కోసం ఆగగలిగినవాళ్లం శిల్పం కోసం ఆగలేమా?

ఒడైబా మ్యూజియం 2022 ఆగస్టులో మూసేశారు. 2024 ఫిబ్రవరిలో టోక్యోలోనే అజాబుదాయ్ హిల్స్‌లో కొత్తగా తెరిచారు. మా మనవరాలు అక్కడికీ పోయి వచ్చింది. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు దాన్ని అలంపూర్ తీసుకెళ్లాను. ప్రదక్షిణ దారిలో నేల మీది గళ్లలో నిలబడి చేతులు చాచి, వేళ్ల మధ్య నుంచి వెలుగు జారుతుంటే చాలాసేపు చూసింది. ‘ఇది ఎవరు చేశారు అమ్మమ్మా?’ అని అడిగింది. పేరు తెలియదన్నాను. ‘టికెట్టు లేదా?’ అంది. లేదన్నాను.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు పోయే హైవే మీద అలంపూర్ చౌరస్తా దగ్గర దిగి లోపలికి తిరగాలి. నవంబరు నుంచి జనవరి మధ్య, తెల్లవారిన తర్వాత రెండు మూడు గంటల లోపల వెళ్తే ఏటవాలు ఎండ దొరుకుతుంది. బాలబ్రహ్మకు, జోగులాంబ అమ్మవారికి దండం పెట్టుకున్నాక తిరుగు ప్రయాణానికి తొందరపడొద్దు. తక్కిన గుళ్లలో తెరిచి ఉన్నదాంట్లోకి వెళ్లి, ఫోను సంచిలో పెట్టి, కనీసం పది నిమిషాలు ఒక స్తంభానికి ఆనుకొని కూర్చోండి. టార్చి వెయ్యొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు. పాత గుళ్లలో లైట్లు పెట్టించే స్థోమత ఉన్న దాతలకూ పెద్దలకూ నా విన్నపం ఒకటే. మెట్ల దగ్గర, నడిచే దారి పక్కన, ముసలివాళ్లు పడిపోకుండా కిందికి వంగిన చిన్న లైట్లు తప్పకుండా పెట్టించండి. గుడి లోపలికి మాత్రం నూనె ఇవ్వండి.